ధనావేశం లేని అణువు ఫ్యాక్టర్ టెన్-ఎను ఎలా పట్టుకుంటుంది?

ప్రశ్న (ఔషధ రసాయనశాస్త్ర విద్యార్థిని)

నమస్కారం. రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకునే మందుల రూపకల్పన మీద సెమినార్‌కు సిద్ధమవుతున్నాను. రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైములైన త్రాంబిన్‌లోనూ ఫ్యాక్టర్ టెన్-ఎలోనూ ఎస్1 పాకెట్ (అణువు ఇమిడే గుంట) అడుగున 189వ స్థానంలో ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఉంటుందని, దాని ఋణావేశానికి ఎమిడీన్ వంటి ధనావేశ సమూహం గట్టిగా అతుక్కుంటుందని చదివాను. మరి టెన్-ఎను అడ్డుకునే రివరాక్సబాన్ మాత్రలో అదే చోట ఏ ఆవేశమూ లేని క్లోరోథయోఫీన్ ఎందుకు ఉంది? చేతికందిన బలమైన బంధాన్ని కావాలని వదులుకున్నట్టు కాదా? గడ్డకట్టడాన్ని అడ్డుకునే పాత మందు వార్ఫరిన్‌కు మనుషుల్లో వాడేందుకు 1954లోనే అనుమతి లభించగా, ఈ మాత్రలు రావడానికి 2008 దాకా పట్టడానికి కారణం ఇదేనా?

సమాధానం (ఎంజైమ్ నిరోధకాలపై పనిచేసినవారు)

చాలావరకు ఇదే. వార్ఫరిన్‌ను వీటితో పోల్చేటప్పుడు ఒక తేడా గమనించండి. అది గడ్డకట్టించే ఎంజైములను నేరుగా తాకదు. విటమిన్ కెను తిరిగి క్రియాశీల రూపానికి తెచ్చే ఎంజైమును ఆపి, కాలేయంలో 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు సరిగా తయారు కాకుండా చేస్తుంది. అప్పటికే రక్తంలో ఉన్న ఫ్యాక్టర్లు తరిగిపోయేదాకా దాని ప్రభావం పూర్తిగా కనబడదు, మోతాదు కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే ఎంజైమునే నేరుగా అడ్డుకునే మాత్ర కోసం అంతగా వెతికారు.

ఎమిడీన్ ఎంజైముకు ఎంత బాగా అతుక్కుంటుందో, పేగు గోడను దాటడంలో అంత మొండికేస్తుంది. అది బలమైన క్షారం కనుక శరీరంలోని పిహెచ్ వద్ద దాదాపు పూర్తిగా ధనావేశంతోనే ఉంటుంది, ఆవేశమున్న అణువు కొవ్వు పొరల గుండా సులభంగా చొరబడదు. పరీక్షనాళికలో నానోమోలార్ స్థాయిలో (అతి తక్కువ గాఢతలోనే) పనిచేసిన ఎన్నో అణువులు నోటి ద్వారా ఇచ్చేసరికి రక్తంలోకి చేరకుండానే ఆగిపోయాయి.

రివరాక్సబాన్‌లో క్లోరిన్ ఆస్పార్టేట్ జోలికే పోదు. ఎస్1 పాకెట్ అడుగునే ఉన్న 228వ టైరోసిన్ వలయం వైపు తిరిగి కూర్చుంటుంది. అటు చివర మార్ఫోలినోన్ ఎస్4 అనే మరో పాకెట్‌లోని ఆరోమాటిక్ వలయాల మధ్య ఇమిడిపోతుంది, నడుమనున్న ఆక్సజోలిడినోన్ అణువుకు ఎల్ ఆకారాన్నిచ్చి రెండు కొసలనూ సరైన చోట నిలుపుతుంది. (లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌లోనూ ఇదే వలయం ఉంటుంది!) ఆవేశం లేకుండానే నిరోధక స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత బలం) 0.4 నానోమోలార్‌కు చేరింది, 10 మిల్లీగ్రాముల మాత్రలో 80 శాతానికి పైగా రక్తంలోకి చేరుతుంది. అంటే బంధాన్ని వదులుకోలేదు, చోటు మార్చారు. టెన్-ఎను అడ్డుకునే మరో మందు ఎపిక్సబాన్‌లో ఎస్1లో కూర్చునేది మెథాక్సీఫినైల్, అక్కడా ఆవేశం లేదు.

మరో సమాధానం

పై వివరణకు ఒక చేర్పు. ధనావేశాన్ని అందరూ వదిలేయలేదు, కొందరు దాచారు. త్రాంబిన్‌ను అడ్డుకునే డబిగాట్రాన్‌లో ఎమిడీన్ అలాగే ఉంది. ఒక కొసన కార్బమేట్, మరో కొసన ఎస్టర్ తగిలించి ప్రోడ్రగ్‌గా (శరీరంలోకి వెళ్ళాక అసలు మందుగా మారే రూపంలో) ఇస్తే, శరీరంలోని ఎస్టరేజులు ఆ రెండు ముసుగులనూ తీసేస్తాయి. అయినా రక్తంలోకి చేరేది సుమారు 6.5 శాతమే. కరగడానికి ఆమ్లం కావాలి కనుక క్యాప్సూల్‌లో టార్టారిక్ ఆమ్లం కూడా పెట్టవలసి వచ్చింది. నా దృష్టిలో ఇది చక్కటి చాతుర్యమే గాని హాయైన పరిష్కారం కాదు. దీనికి ముందు అదే బాటలో వచ్చిన జిమెలగాట్రాన్‌ను కాలేయానికి హాని కలిగిస్తున్నందున 2006లో ఉపసంహరించారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శోషణ సమస్య తీరిపోయిందంటే ఈ రంగంలో రసాయనజ్ఞులకు మిగిలిన పని ఏమిటి?

సమాధానం (మొదట జవాబిచ్చినవారు)

రక్తస్రావం. టెన్-ఎను ఎంత నిర్దిష్టంగా అడ్డుకున్నా, గాయం మానడానికి కావలసిన గడ్డ కూడా ఆ దారినే ఏర్పడుతుంది. పుట్టుకతో ఫ్యాక్టర్ లెవెన్ లోపించినవారిలో రక్తస్రావం సాధారణంగా తీవ్రంగా ఉండదు కనుక ఇప్పుడు చూపు దాని మీద పడింది. మిల్వెక్సియన్, అసుండెక్సియన్ ఆ కోవకు చెందిన నోటి మందులు. అయితే కర్ణికా ప్రకంపనం (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం) ఉన్న రోగుల్లో ఎపిక్సబాన్‌తో పోల్చి చూసిన అసుండెక్సియన్ పరీక్షను, పక్షవాతాన్ని నివారించడంలో అది వెనుకబడడంతో 2023 నవంబరులో మధ్యలోనే ఆపేశారు. అణువు ఎంజైమును బాగానే పట్టుకుంది, కాని ఆ రోగుల్లో ఆ ఎంజైమును అడ్డుకోవడం సరిపోలేదు. సెమినార్‌లో ఈ రెండింటినీ వేరుగా చెప్పండి, తొలి ప్రశ్న సాధారణంగా అక్కడే వస్తుంది.