రెండంగుళాల లిఫ్ట్ వేసిన బండికి స్టెబిలైజర్ రాడ్డు తీసేయాలా, లింక్ విప్పితే చాలా?

చంద్రగిరి_జిమ్నీ:
బండి ఐదు డోర్ల జిమ్నీ. నాలుగు మూలలా 50 మి.మీ. ఎత్తు పెంచే కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. టైర్లు 215/75 ఆర్15. షాక్‌లు మాత్రం కంపెనీవే. వారమంతా తిరుపతి–చంద్రగిరి తారు రోడ్డు, అప్పుడప్పుడు కొండ మీదికి, ఆదివారాలు ఇసుక, రాళ్ల వంకలు. ముందు స్టెబిలైజర్ రాడ్డు (వంపుల్లో బండి పక్కకు వాలకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) మొత్తం తీసేస్తే గుంతలోకి చక్రం బాగా వేలాడుతుందని గ్యారేజీలలో అంటున్నారు. జిమ్నీకి వెనక రాడ్డు లేదు కాబట్టి తీస్తే బండిలో ఒక్క రాడ్డు కూడా మిగలదు. తీయొచ్చా? తీస్తే ఘాట్‌లో ఏమవుతుంది? తీసే పద్ధతి ఏంటి?

రేణిగుంట_స్పానర్:
అన్నా, రాడ్డు కంటే ముందు షాక్‌ల సంగతి చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

స్ప్రింగు 50 మి.మీ. ఎత్తు పెంచింది, షాక్ పొడవు మాత్రం పెరగలేదు. అంటే బండి మామూలుగా నిలబడినప్పుడే షాక్ దాదాపు ఆ మేరకు సాగి ఉంటుంది. చక్రం ఇంకా కిందికి దిగడానికి మిగిలిన దూరం అంత తగ్గిపోయింది. ఇప్పుడు రాడ్డు తీసినా చక్రం కొంచెం దిగి, షాక్ పూర్తిగా సాగి ఆగిపోతుంది. రాడ్డు తీసి కూడా తేడా ఏమీ తెలియడం లేదనే బండ్లలో ఎక్కువ భాగం ఇదే కథ. పైగా వేలాడే ప్రతిసారీ షాక్ లోపలి స్టాపు మీద దెబ్బ పడి సీల్ కారడం మొదలవుతుంది.

కొలవడం తేలిక. చదునైన నేల మీద బండి నిలిపి, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత ఛాసిస్ కింద రెండు వైపులా స్టాండ్లు పెట్టి ముందు యాక్సిల్‌ను వేలాడనివ్వండి, మళ్లీ కొలవండి. రెండింటి తేడా మీకు మిగిలిన దిగుడు. రెండు చక్రాలూ కలిసి దిగుతున్నాయి కాబట్టి ఈ కొలతలో రాడ్డు అడ్డుపడదు, షాక్ హద్దు ఒక్కటే బయటపడుతుంది. తర్వాత ఒక్క చక్రాన్ని మాత్రం రాయి మీదికి ఎక్కించి, అవతలి చక్రం ఎంత దిగిందో రాడ్డుతో ఒకసారి, లింకులు (రాడ్డు కొసలను యాక్సిల్‌కు కలిపే చిన్న కడ్డీలు) విప్పి ఒకసారి కొలవండి. అప్పుడు రాడ్డు నిజంగా ఎంత ఆపుతోందో తెలుస్తుంది. ఆ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే అయితే రాడ్డు జోలికి పోవద్దు, ముందు పొడవు షాక్‌లు వేయండి.

పీలేరు_థార్:
పై మాట థార్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2020 తర్వాతి థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రం విడిగా కదిలే అమరిక), వెనక మల్టీలింక్ సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). ముందు చక్రం దిగుడును రాడ్డు కంటే షాక్, బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్ (చక్రం పైకీ కిందికీ కదిలినా ఇంజను బలాన్ని అందించే కీలు) కోణం ఆపుతాయి. లిఫ్ట్ వేసినందుకే సీవీ కోణం పెరిగి ఉంటుంది. ముందు రాడ్డు తీసి చక్రాన్ని ఇంకా వేలాడనిస్తే అదే కోణంలో ఇంజను బలం పడుతుంది. జాయింట్ మీది రబ్బరు బూట్ చిరగడం, జాయింట్ టకటకలాడటం అక్కడి నుంచే. వెనక సాలిడ్ యాక్సిల్‌కు రాడ్డు విప్పితే కంటికి కనపడేంత తేడా వస్తుంది.

చంద్రగిరి_జిమ్నీ:
మరి పాత మహీంద్రా 540, కమాన్‌కట్టల జీపులకు రాడ్డే లేదు కదా, అవి కొండలు ఎక్కడం లేదా?

పలమనేరు_4×4:
ఎక్కుతాయి, కానీ పోలిక కుదరదు తమ్ముడూ. కమాన్‌కట్ట పక్కకు వాలడాన్ని తనంతట తానే కొంత ఆపుతుంది. కట్టల మధ్య రాపిడి కూడా తోడవుతుంది. కాయిల్ స్ప్రింగు అలా ఆపదు. కాయిల్ బండిని డిజైన్ చేసినప్పుడే స్ప్రింగు మెత్తగా ఉంచి, వాలడం ఆపే పనిని రాడ్డుకు అప్పజెప్పారు. ఆ పని చేసేదాన్నే తీసేస్తున్నామని గుర్తు పెట్టుకోవాలి.

రాడ్డు బిగువు దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 25 మి.మీ. రాడ్డు స్థానంలో 27 వేస్తే 36 శాతం బిగువు ఎక్కువ. రెండు మిల్లీమీటర్లకే ఇంత తేడా ఉంటే, మొత్తం తీసేయడం చిన్న మార్పు కాదు.

హార్స్‌లీ_ఘాట్:
ఘాట్ గురించి అడిగారు కదా, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వంపులో బండి బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు జరుగుతుంది. మొత్తం ఎంత జరుగుతుందనేది ప్రధానంగా వేగం, వంపు, బండి ఎత్తు, ట్రాక్ వెడల్పు (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) తేలుస్తాయి. రాడ్డు తీసినంత మాత్రాన అది పెద్దగా మారదు. రాడ్డు తేల్చేది రెండు సంగతులు: బాడీ ఎంత వాలాలి, జరిగిన బరువులో ముందు యాక్సిల్ వాటా ఎంత, వెనక వాటా ఎంత. ముందు రాడ్డు ఉంటే ముందు బయటి టైరు ఎక్కువ మోస్తుంది, పట్టు ముందే తగ్గుతుంది, బండి కాస్త బయటికి పోతున్నట్టు అనిపిస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే చాలు, సర్దుకుంటుంది. ముందు రాడ్డు తీసేస్తే ఆ వాటా వెనక్కి పోతుంది. ఇప్పుడు ముందుగా పట్టు వదిలేది వెనక టైరు. అంటే తోక తిరుగుతుంది.

దీన్ని దిగువ ఘాట్ మీద పెట్టి చూడండి. తిరుమల నుంచి దిగేటప్పుడు గానీ, బాకరాపేట ఘాట్‌లో గానీ పల్లంలో బ్రేకు మీద వంపు తిరుగుతాం. బ్రేకుతో బరువు ముందుకు వాలి వెనక చక్రాలు ముందే తేలికై ఉంటాయి. అదే క్షణంలో పక్కకు జరిగే బరువులో పెద్ద వాటా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. వాన తడి కూడా ఉంటే ఇంతకంటే చెడ్డ కలయిక లేదు. అందుకే వెనక రాడ్డు ఉన్న బండిలో ముందుది మాత్రం తీయడం అన్నిటికంటే ప్రమాదం. వెనకది మాత్రం తీస్తే బండి ఎక్కువ వాలుతుంది, అయినా ముందే హెచ్చరిస్తుంది. జిమ్నీలో ఉన్నదే ముందు రాడ్డు ఒక్కటి, కాబట్టి మీకు ఎంచుకునే వీలు కూడా లేదు.

దీనిమీద లిఫ్ట్ లెక్క కూడా వేయండి. జిమ్నీ ముందు ట్రాక్ 1395 మి.మీ. గురుత్వ కేంద్రం 700 మి.మీ. ఎత్తులో ఉందని అనుకుందాం (ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె). ట్రాక్‌ను ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే దాదాపు 1.0 వస్తుంది. లిఫ్ట్‌తో ఆ ఎత్తు 745కు పోతే 0.94. ఈ అంకె తగ్గేకొద్దీ బండి తక్కువ వేగానికే బోల్తాకు దగ్గరవుతుంది. రూఫ్ రాక్ మీద రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టినా 40 కిలోలు, అదీ బండిలో అన్నిటికంటే పైన.

ఇంకొకటి. సాలిడ్ యాక్సిల్‌ను పక్కకు పోకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డుకు ఒక కొస యాక్సిల్ మీద, ఇంకో కొస ఛాసిస్ మీద ఉంటుంది. 50 మి.మీ. లిఫ్ట్ వేస్తే బాడీ 50 పెరుగుతుంది, బాడీ వాలే కేంద్రం అందులో సుమారు సగమే పెరుగుతుంది. మధ్యలో మీట పొడవు 25 మి.మీ. ఎక్కువైనట్టు లెక్క. అంటే లిఫ్ట్ బండికి రాడ్డు అవసరం మామూలు బండి కంటే ఎక్కువే గానీ తక్కువ కాదు.

పీలేరు_థార్:
హైవే సంగతి కూడా. రేణిగుంట–నాయుడుపేట రోడ్డులో లారీని దాటేటప్పుడు గాలి తోపుకు రాడ్డు లేని బండి రెండుసార్లు ఊగుతుంది. స్టీరింగ్‌తో దిద్దబోతే ఊపు ఇంకా పెరుగుతుంది. 80 మీద హఠాత్తుగా లైను మారడం అసలు చేయకూడదు. ఈఎస్పీ (బండి జారితే తనే బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉంది కదా అనే ధైర్యం వద్దు. కంపెనీ దాన్ని రాడ్డు ఉన్న బండికి సరిపడా సెట్ చేసింది. రాడ్డు లేదని డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు.

చంద్రగిరి_జిమ్నీ:
సరే, మొత్తం తీయను. ఇసుక, రాళ్లు వచ్చిన చోట లింకులు విప్పి, తారు ఎక్కేముందు మళ్లీ బిగించడం అనుకుంటున్నా. పద్ధతి చెప్పండి.

రేణిగుంట_స్పానర్:
మొదటిసారి ఇంటి దగ్గరే చేయండి, అడవిలో కాదు.

బండి చదునుగా, స్టీరింగ్ నేరుగా, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. ఒక పక్క జాకీ ఎత్తి విప్పకూడదు. అప్పుడు రాడ్డు మెలిపడి ఉంటుంది, నట్టు వదలగానే కొస ఎగిరి చేతికి తగులుతుంది. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

లింక్ నట్టు దగ్గర మరను వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఇరవై నిమిషాలు ఆగండి. బాల్ జాయింట్ లింక్ అయితే నట్టు తిప్పేటప్పుడు లోపలి బాల్ కూడా తిరుగుతుంది, ఎంతసేపు తిప్పినా రాదు. స్టడ్ చివర అలెన్ కీ గాడి ఉంటుంది, దాన్ని పట్టుకుని రింగ్ స్పానర్‌తో నట్టు తిప్పాలి. గాడిలో మట్టి ఉంటే మేకుతో గీకి శుభ్రం చేశాకే కీ పెట్టండి, లేకపోతే గాడి అరిగిపోతుంది. తర్వాత కోయడమే దారి. ఇంపాక్ట్ గన్ వద్దు, జాయింట్ లోపల దెబ్బతింటుంది.

రెండు వైపులా విప్పాలి. ఒక్క వైపే విప్పితే రాడ్డు పనిచేయదు, కానీ విప్పిన కొస టైరుకో బ్రేక్ హోస్‌కో తగులుతూ ఉంటుంది. రెండు లింకులూ విప్పాక రాడ్డు చేతులను పైకి తిప్పి బెల్టుతో గానీ గట్టి నైలాన్ తాడుతో గానీ ఛాసిస్‌కు కట్టేయండి. సన్న జిప్ టైలు రాళ్ల దారిలో తెగుతాయి. కట్టాక స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి టైరు తగలదని చూసుకోండి.

కంపెనీ నైలాక్ నట్టును ప్రతి వారం విప్పి బిగిస్తే ప్లాస్టిక్ పట్టు పోతుంది. అలా వాడాలంటే పిన్ను లాగితే ఊడే లింకులు వేయించుకోండి. పిన్నుకు ఒక చిన్న గొలుసు ఉండాలి, ఇసుకలో పడితే దొరకదు. కంపెనీ లింకే అయితే జేబులో రెండు మూడు జతల కొత్త నట్లు పెట్టుకోండి.

పలమనేరు_4×4:
లింక్ పొడవు మాట ఎవరూ ఎత్తలేదు. లిఫ్ట్ బండికి అసలు రోగం అదే.

రాడ్డు చేయి మామూలుగా నేలకు దాదాపు సమాంతరంగా, లింక్ దానికి నిటారుగా ఉండాలి. 50 మి.మీ. లిఫ్ట్ తర్వాత పాత లింకే ఉంటే చేయి కిందికి లాగబడుతుంది. చేయి పొడవు 250 మి.మీ. అనుకుంటే పదకొండున్నర డిగ్రీల వంపు. చక్రం పూర్తిగా దిగినప్పుడు చేయి, లింక్ ఒకే గీతలోకి వచ్చి లింక్ అవతలికి తిరగబడొచ్చు. తిరగబడ్డ రాడ్డు చక్రం పైకి వచ్చేటప్పుడు ఛాసిస్‌కో హోస్‌కో గుచ్చుకుంటుంది. లిఫ్ట్ వేశాక గుంతల్లో ముందు నుంచి ‘టక్ టక్’ వస్తుంటే మొదట చూడాల్సింది లింక్ బాల్ కోణం.

సాలిడ్ యాక్సిల్‌కు లింక్ లిఫ్ట్ ఎంతో సుమారు అంత పొడవు పెరగాలి. థార్ ముందు భాగానికి అలా కాదు. లింక్ విష్‌బోన్ మధ్యలో పట్టుకుంటే చక్రం 50 కదిలినా లింక్ తక్కువే కదులుతుంది. కాబట్టి కొలిచి తీసుకోండి: బండి బరువు చక్రాల మీద ఉండగా, రాడ్డు చేయిని సమాంతరంగా చేత్తో పట్టుకుని, రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం చూడండి. అదే లింక్ పొడవు. రెండు వైపులా ఒకే పొడవు ఉండాలి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే నేరు రోడ్డు మీద కూడా రాడ్డు మెలిపడి ఉండి బండి ఒక పక్కకు వాలుతుంది.

హార్స్‌లీ_ఘాట్:
లింకులు విప్పి రాళ్లలోకి దించేముందు ఇవి చూడాలి. బ్రేక్ హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోకూడదు. పొడవు షాక్‌లు వేసి హోస్ మార్చకపోతే ఇక్కడే తెగుతుంది. కాయిల్ స్ప్రింగు సీటు నుంచి ఊడి వదులుగా తిరగకూడదు. ఇక పైకి వచ్చే చక్రం. మీ 215/75 టైరు కంపెనీ 195/80 కంటే 20 మి.మీ. వెడల్పు, వ్యాసంలో 10 మి.మీ. పెద్ద. రాడ్డు విప్పాక లోపలి లైనరుకు, బంపర్ మూలకు తగలడం ఖాయం అనుకునే చూడండి. తగిలితే బంప్ స్టాపు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) పెంచాలి, ఫెండర్ కోయడం కాదు.

చంద్రగిరి_జిమ్నీ:
తిరిగి బిగించేటప్పుడు రెండో వైపు రంధ్రం కలవదని అంటున్నారు?

రేణిగుంట_స్పానర్:
నేల చదును లేకపోతే కలవదు. వంక గట్టు మీద కాకుండా తారు రోడ్డు పక్కన చదును చూసుకోండి. మొదటి వైపు ఊరికే ఎక్కుతుంది. రెండో వైపు ఐదు పది మిల్లీమీటర్ల తేడా ఉంటే ఒకరు బంపర్ మూల నొక్కి ఊపుతుంటే ఇంకొకరు పిన్ను తోయాలి. ఒంటరిగా ఉంటే ఆ వైపు ఛాసిస్ కింద జాకీతో కొద్దిగా ఎత్తండి. సుత్తితో కొట్టి తోయకండి, బుష్ చిరుగుతుంది.

రబ్బరు బుష్ ఉన్న లింక్‌ను బండి బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగువు బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా పోతుంది. బిగువు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే. బిగించిన మర్నాడు ఒకసారి, వంద కిలోమీటర్లకు ఇంకోసారి చూడండి. రాడ్డును ఛాసిస్‌కు పట్టి ఉంచే డీ ఆకారపు రబ్బరు బుష్‌లు కిర్రుమంటే సిలికోన్ గ్రీజు పూయండి. చక్రాల బేరింగుల గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

పీలేరు_థార్:
విప్పకముందే టైరు గాలి తగ్గించి చూడండి. ఇసుకలో 18 పీఎస్ఐకి దించితే వచ్చే పట్టు లింకులు విప్పినా రాదు, ఎందుకంటే అక్కడ చక్రం వేలాడే పరిస్థితే తక్కువ. లింకులు విప్పే లాభం రాళ్లలో, ఒక చక్రం గట్టు మీద, ఎదురు మూల చక్రం గుంతలో ఉన్నప్పుడే. తారు ఎక్కేముందు లింకు, గాలి రెండూ మళ్లీ సరిచేయాలి.

పలమనేరు_4×4:
చట్టం ఒక్క ముక్క. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ నమూనాకు విరుద్ధమైన మార్పు చెల్లదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే రాడ్డు లేదన్న సంగతి బీమా సర్వేయర్ కంటికి మొదట పడుతుంది. శేషాచలం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి దించొద్దు, అది వేరే కేసు.

చంద్రగిరి_జిమ్నీ:
అయితే వరస ఇలా పెట్టుకుంటున్నా: ముందు దిగుడు కొలత. తర్వాత పొడవు షాక్‌లు, దాంతోపాటే హోస్‌లు. ఆ తర్వాత పిన్ను లింకులు, లిఫ్ట్‌కు సరిపడా 50 మి.మీ. పొడవువి. రాడ్డు బండి మీదే ఉంటుంది.

రేణిగుంట_స్పానర్:
వరస సరే. లింకులు మాత్రం ఇప్పుడే 50 అని ఆర్డరు పెట్టకండి. కొత్త స్ప్రింగులు కొంచెం కూర్చుంటాయి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక, వెనక మీరు మామూలుగా మోసే సామాను పెట్టి, అప్పుడు రంధ్రాల మధ్య కొలవండి. లేదంటే పొడవు మార్చుకునే మర లింకులు తీసుకుని, కొలత కుదిరాక లాక్ నట్టు బిగించి పెయింటుతో ఒక గీత గీయండి. గీత చెదిరితే నట్టు వదులైందని చూడగానే తెలుస్తుంది.