చిన్న జిమ్‌లో మెంబర్లతో దగ్గరితనం పోకుండా ఎలా చూసుకుంటున్నారు?

తెనాలి జిమ్ ఓనర్
అందరికీ నమస్తే. తెనాలిలో చిన్న జిమ్ నడుపుతున్నాను. మొదట్లో 40 మంది ఉన్నప్పుడు ఎవరికి నడుము నొప్పో, ఎవరి చెల్లి పెళ్లి ఎప్పుడో అన్నీ తెలిసేవి. ఇప్పుడు 150 దాటారు, ఇద్దరు ట్రైనర్లున్నారు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా డంబెల్స్ దగ్గర కాలు పెట్టే సందు ఉండదు, కొత్తవాళ్ల పేర్లు కూడా నోటికి రావట్లేదు. చెప్పాపెట్టకుండా మానేస్తున్నారు. ఫోన్ చేస్తే ‘పని ఎక్కువైంది అన్నా, వచ్చే నెల నుంచి వస్తా’ అంటారు, తీరా చూస్తే మెయిన్ రోడ్డులో కొత్తగా తెరిచిన ఏసీ జిమ్‌లో తేలతారు. వాట్సాప్ గ్రూప్ పెట్టాను, అందులో గుడ్ మార్నింగ్‌లూ రాజకీయాల గొడవలూ తప్ప ఏమీ లేవు. ఏసీ పెట్టే స్తోమత ఇప్పట్లో లేదు. మీరేం చేస్తున్నారు?

కర్నూలు నుంచి, నేనూ ఓనర్నే
ఫోన్ ఎప్పుడు చేస్తున్నారు బ్రదర్? ఫీజు గడువు అయిపోయాకే కదా? అప్పుడు మీ నంబర్ చూడగానే వసూలుకి చేశాడనుకుంటారు. మా దగ్గర గుమ్మం పక్కన సంతకాల రిజిస్టరు ఉంటుంది. వేలిముద్రల మిషన్ పెట్టమని చాలామంది చెప్పారు గానీ పెట్టలేదు, ఎందుకంటే సంతకం పెట్టేటప్పుడు మనిషి కాసేపు ఆగుతాడు, ‘మోకాలు ఎలా ఉంది అన్నా, ఇవాళ కూడా లెగ్స్ ఎగ్గొట్టడమేనా’ అని ఒక మాట పడుతుంది. ఆదివారం ఆ రిజిస్టరు తిరగేసి వారంగా కనబడనివాళ్లకి ఫోన్ చేస్తాను, ఫీజు ఊసు మాత్రం ఎత్తను.

ఇంకోటి, ఎవరికి ఏ నెల కుదరదో తెలుసుకోండి. రంజాన్‌లో మా ముస్లిం కుర్రాళ్లు తరావీహ్ నమాజ్ అయ్యాక వస్తారని రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంచుతాం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం 41 రోజులూ రాకపోతే ఆ రోజులు గడువులో కలిపేస్తాం, వస్తే తేలికగా చేయిస్తాం, ఒంటిపూట భోజనం మీద బరువైన స్క్వాట్లు ఏం చేస్తారు పాపం. అన్నట్టు మాలలో ఉన్నవాళ్లని ట్రైనర్లు కూడా ‘స్వామీ’ అనే పిలవాలి, ‘బ్రో’ అంటే బాగోదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే కుర్రాళ్లంతా 1600 మీటర్ల పరుగు కోసం పొద్దున్నే గ్రౌండ్‌లో ఉంటారు, వాళ్లు మానేశారనుకోకండి, టైమింగ్ ఎంత వచ్చిందని అడగండి చాలు.

మెంబర్‌ని, హైదరాబాద్
మెంబర్ వైపు నుంచి చెప్తాను. పాత జిమ్ మానేసింది ఎందుకంటే, అక్కడి ట్రైనర్ నా బరువు చూసి హాలంతా వినబడేలా ‘మేడమ్, రెండు కిలోలు పెరిగారు, పండక్కి గట్టిగా లాగించారా’ అన్నాడు. అతని లెక్కలో అది చనువు. పైగా రాత్రి తొమ్మిదికి ‘డైట్ ఫాలో అవుతున్నారా’ అని మెసేజ్‌లు. ఆడవాళ్లకి ఫోన్ చేయాల్సి వస్తే లేడీ ట్రైనర్ చేత చేయించండి, లేకపోతే అసలు చేయకండి. ఇప్పుడు వెళ్తున్న జిమ్‌లో ఏసీ లేదు, రెండు ఫ్యాన్లలో ఒకటి కిర్రుమంటుంది. కానీ నాకు భుజం పట్టేసిందని ఒక్కసారి చెప్పాను, మళ్లీ వెళ్లేసరికి లాట్ పుల్‌డౌన్ మిషన్ (పైనుంచి బార్ కిందికి లాగేది) దగ్గర నేను నోరు తెరవకముందే అక్కడి ట్రైనరావిడే బరువు తగ్గించి పిన్ను పెట్టింది. అందుకే ఉన్నాను.

ట్రైనర్
గ్రూప్ తీసేయండి సార్, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టుకోండి, 256 మంది దాకా పడతారు, జవాబిస్తే మీకొక్కరికే వస్తుంది. కాకపోతే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, కాబట్టి చేరిన రోజే మీ ముందే సేవ్ చేయించండి. దాంట్లో సెలవులూ టైమింగులూ తప్ప ఆఫర్లు, ప్రోటీన్ డబ్బాల ఫోటోలు పెట్టారో, మ్యూట్ చేసేస్తారు.

తెనాలి జిమ్ ఓనర్
థాంక్స్ అందరికీ. రిజిస్టరు రేపే పెడతాను. ఒక్క డౌట్. మెంబర్లు నాకంటే ట్రైనర్లకే దగ్గరవుతున్నారు, రేపు వాళ్లలో ఒకడు పక్క జిమ్‌కి వెళ్తే వెనకాలే పది మంది పోతారు కదా?

కర్నూలు నుంచి, నేనూ ఓనర్నే
పోతారు, ఆపలేరు. అలాగని మెంబర్లతో ఎక్కువ మాట్లాడొద్దని ట్రైనర్‌కి చెప్పారంటే ఉన్నవాళ్లూ పోతారు. ఎవరికి ఏ దెబ్బ, ఏం చేయకూడదు, ఎంత బరువు ఎత్తుతున్నారు అన్నది కార్డు మీద రాయించి కౌంటర్‌లో పెట్టుకోండి, కొత్త ట్రైనర్ వస్తే మొదటి రోజు అవే చదివించండి. సాయంత్రం రద్దీ టైంలో మీరు కౌంటర్ వెనక ఫోన్ చూసుకోకుండా ఫ్లోర్ మీదే తిరగండి. ట్రైనర్ జీతం మాత్రం ఐదో తారీఖు దాటనివ్వొద్దు.