ఫుడ్ గైడ్‌లు రాసేవాళ్లు అసలు అక్కడ తింటున్నారా?

ఆదివారం_భోజనం:
అమ్మ పుట్టినరోజుకి ఒక ఫుడ్ గైడ్ చూసి టేబుల్ బుక్ చేశాను. మేడ మీద సాయంత్రం గాలికి కూర్చుని తినొచ్చని అందులో పేరాలకు పేరాలు రాశారు, ఫోటో కూడా పెట్టారు. తీరా వెళితే మేడకి తాళం, మెట్ల మీద విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అడిగితే "అది మూసేసి రెండేళ్లయిందండీ" అన్నాడు వెయిటర్. గైడ్ మీద తేదీ చూస్తే పోయిన నెలది! ఇంటికొచ్చి మళ్లీ చదివితే అట్టడుగున లేత బూడిదరంగు అక్షరాల్లో "భాగస్వాముల సహకారంతో" అన్న ముక్క కనిపించింది. అంటే డబ్బులు తీసుకుని రాసిందేనా? మోకాళ్ల నొప్పులతో అమ్మ అంత దూరం వచ్చింది, తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఇలాంటివి ముందే ఎలా పసిగట్టాలి?

పాత_డెస్కు:
డబ్బులకి రాసిందేనండి. ఇలాంటి సైట్‌కే ఏడాదిన్నర రాశాను. పేర్లు మేం ఎంచేవాళ్లం కాదు, సేల్స్ వాళ్ల నుంచి ఎక్సెల్ షీట్ వచ్చేది, అందులో రెస్టారెంట్ పేరు, ఫోటోల లింకు, పక్కనే "పేమెంట్ వచ్చింది" అని ఒక కాలమ్. నేను వాటిలో ఒక్కచోట కూడా కాలు పెట్టలేదు, వాళ్లు పంపిన మెనూ చూసి "నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది" అని రాసేసేవాణ్ని. మీ అమ్మగారి సంగతి చదివాక సిగ్గేస్తోంది. పది చోట్ల గురించి రాసి ఒక్క లోపం కూడా చెప్పలేదంటే అనుమానించండి. నిజంగా తిన్నవాడైతే ఎంతసేపు కూర్చోబెట్టారో, ఏది చల్లారిపోయి వచ్చిందో ఏదో ఒకటి రాస్తాడు. ఫోటోలన్నీ రెస్టారెంట్ వాళ్ల సొంత పేజీలో ఉన్నవే అయితే ఇక చదవక్కర్లేదు.

రాత్రి_బండి:
గైడ్‌లు వదిలేసి జనం రాసే రివ్యూలు చూసుకోండి, గొడవ ఉండదు.

నిదానం:
వాటినీ పూర్తిగా నమ్మలేం. 2017లో ఊబా బట్లర్ అనే ఆయన లండన్‌లో తన పెరటి షెడ్డుని రెస్టారెంట్‌గా ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పెట్టి, తెలిసినవాళ్ల చేత దొంగ రివ్యూలు రాయించి, కొన్ని నెలల్లోనే లండన్ మొత్తంలో నంబర్ వన్ చేశాడు. అప్పటికి అక్కడ ఒక్కరికీ భోజనం పెట్టలేదు! నోరూరించే ఫోటోల్లో వాడింది షేవింగ్ ఫోమ్.
గైడ్ వెనక వ్యాపారం ఉండటం ఒక్కటే తప్పని కూడా నేను అనను. రెస్టారెంట్లకి స్టార్లు ఇచ్చే మిషలిన్ గైడ్‌ని 1900లో మొదలుపెట్టింది టైర్ల కంపెనీయే, జనం కార్లలో ఎంత తిరిగితే వాళ్ల టైర్లు అంత అమ్ముడవుతాయి కదా. కానీ ఎవరిదో అట్ట మీదే కనిపిస్తుంది, ఇన్‌స్పెక్టర్లు తామెవరో చెప్పకుండా వెళ్లి బిల్లు కట్టి వస్తారు. మీకు జరిగింది మోసం ఎందుకంటే ఎవరు డబ్బులిచ్చారో దాచారు. నేను ఏ గైడ్ తెరిచినా ఆ భోజనం బిల్లు ఎవరు కట్టారో రాశారా అని ముందు చూస్తాను, ఆ తర్వాతే మిగతాది.

ఆదివారం_భోజనం:
థాంక్సండీ. తాళం వేసిన మేడని ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీశాను, దాన్ని జతచేసి గైడ్ వాళ్లకి ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఆ రెస్టారెంట్ రివ్యూల్లో కూడా పెడుతున్నాను, తేదీతో సహా.