బెల్ట్ డ్రైవ్ బైక్‌లో కిచకిచ: ఇసుకా, బిగువా?

బీచ్‌రోడ్ బండి:
750 సీసీ క్రూయిజర్, 19,000 కి.మీ., చైన్ బదులు పళ్ల రబ్బరు బెల్టు, కంపెనీదే ఇంకా. రోజూ భీమిలి నుంచి ఆర్కే బీచ్ దాకా తిరుగుతుంది. 20–40 వేగంలో వెనక నుంచి పిచ్చుక అరిచినట్టు కిచకిచ. క్లచ్ నొక్కినా ఆగదు. వాన రోజు మాత్రం వినబడదు. నెల క్రితం వెనక టైరు మార్చారు. చైన్ లూబ్ కొట్టమంటున్నారు, కొట్టొచ్చా?

ఆటోనగర్ పానా:
వద్దు గురూ. చైన్ లూబ్, గ్రీజు, ఇంజన్ ఆయిల్ ఏదీ బెల్టుకి తగలకూడదు. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది, ఆ జిడ్డుకి బీచ్ రోడ్డు ఇసుకంతా అంటుకుని పుల్లీని (బెల్టు తిరిగే పళ్ల చక్రాన్ని) గరుకు కాగితంలా అరగదీస్తుంది. కాన్వెంట్ జంక్షన్ వైపు తిరిగే బండైతే పోర్టు ధూళి కూడా తోడవుతుంది.

ముందు కడగండి. బకెట్ నీళ్లలో కాస్త షాంపూ, మెత్తటి బ్రష్, అంతే. పెట్రోలు, కిరోసిన్ వద్దు. ప్రెషర్ వాషర్‌ని చక్రం బేరింగుల మీదకి పట్టొద్దు. పుల్లీ పళ్ల సందుల్లో గులకరాయి ఇరుక్కుందేమో వేలితో తడిమి చూడండి. రాయి గుచ్చుకుని బెల్టు మధ్యలో చిన్న చిల్లు పడితే కనిపెట్టుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు. అంచున పడితే మాత్రం మార్చాల్సిందే.

పుల్లీకి క్రోమ్ పూత ఉంటే ఇంకో పరీక్ష. సూదిమొన లాంటిది పళ్ల మధ్య గాడిలో ఓ మోస్తరు ఒత్తిడితో గీయండి. జారిపోతే పూత బాగుంది. గుచ్చుకుని గీత పడితే పూత పోయి అల్యూమినియం బయటపడినట్టు. ఆ పుల్లీ మీద కొత్త బెల్టు వేసినా త్వరగా పాడవుతుంది.

చాక్‌పీస్:
చప్పుడు ఎక్కడిదో తెలియకుండా విప్పకండి. వెనక చక్రం పైకి లేపి, న్యూట్రల్‌లో, బెల్టు మీద ఒకటి, టైరు మీద ఒకటి చాక్ గీత పెట్టి చేత్తో తిప్పండి. మాటవరసకి 137 పళ్ల బెల్టు, 68 పళ్ల వెనక పుల్లీ అనుకోండి. చక్రం దాదాపు రెండు చుట్లు తిరిగితే బెల్టుకి ఒక చుట్టు. కిచకిచ బెల్టు గీతతో పాటే వస్తే బెల్టులో దెబ్బ. టైరు గీతతో వస్తే వెనక పుల్లీ, బ్రేక్ డిస్క్ లేదా బేరింగ్. ప్యాడ్ రాపిడి కూడా అచ్చం ఇలాగే కూస్తుంది, కాలిపర్ తీసి పక్కన కట్టి మళ్లీ తిప్పి చూడండి. గీతలతో సంబంధం లేకుండా ఏకధాటిగా వస్తే బెల్టు అంచు పుల్లీ పక్కనుండే గట్టుకి రాసుకుంటోంది. నీళ్లు పడితే ఆగిపోయేది ఎక్కువగా ఇదే.

ఆటోనగర్ పానా:
అవును, టైరు మార్చాక మొదలైందంటే నా అనుమానం కూడా అలైన్‌మెంటే, అంటే వెనక చక్రం కాస్త వంకరగా కూర్చుందని. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీద కంపెనీ పెట్టిన గీతల్ని నమ్మొద్దు. వెల్డింగ్ రాడ్ ఒకటి కొక్కెంలా వంచి, దానికి బిగుతుగా రబ్బరు వాషర్ తొడగండి. రాడ్ మొన స్వింగ్ ఆర్మ్ పివట్ (అది ఊగే కీలు) మధ్యలో ఆన్చి, వాషర్‌ని యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్యకి జరపండి. అదే రాడ్ రెండో వైపు పెట్టి చూడండి. తేడా 0.8 మి.మీ. లోపే ఉండాలి.

బిగువు బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. సామాను తూచే కొక్కెం తూనికతో బెల్టు కింది వరస మధ్యలో 4.5 కేజీల బలంతో లాగి, ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోండి. ఎంత దిగాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, ఇంకో మోడల్ అంకె వాడొద్దు. మరీ బిగిస్తే వేగంతో పాటు పెరిగే ఊళ వస్తుంది, బేరింగులు పోతాయి. మరీ వదిలితే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పన్ను దాటి టక్‌మంటుంది.

బీచ్‌రోడ్ బండి:
కడిగాక తగ్గింది, పోలేదు. గీతలతో సంబంధం లేదు. రాడ్‌తో కొలిస్తే ఎడమ వైపు 1.5 మి.మీ. ఎక్కువ. బెల్టు మాన్యువల్ చెప్పినదానికంటే బిగుతుగానే ఉంది.

ఆటోనగర్ పానా:
అయితే కుడి వైపు ముట్టుకోకండి, ఎడమ వైపే వదలండి. అడ్జస్టర్ బోల్టు (యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది) ఎం8 అయి, మర పిచ్ 1.25 మి.మీ. అయితే ఒక పూర్తి చుట్టు, ఆపైన నట్టు ఒక పలక, అంటే చుట్టులో ఆరో వంతు. పలకకి దాదాపు 0.2 మి.మీ. యాక్సిల్ నట్ వదులు చేశాకే తిప్పండి. అడ్జస్టర్ వదలగానే చక్రం దానంతటది ముందుకి రాదు, టైరుని వెనక నుంచి రబ్బరు సుత్తితో కొట్టి యాక్సిల్‌ని అడ్జస్టర్‌కి ఆన్చాలి. చాలా మంది ఇక్కడే తప్పు చేస్తారు. తర్వాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకి నట్ బిగించి, బిగువు, రాడ్ రెండూ మళ్లీ కొలవండి. నట్ బిగిస్తున్నప్పుడు కొలత కొద్దిగా మారుతుంది.

చాక్‌పీస్:
అంతా అయ్యాక చక్రం ముందుకి తిప్పి చూడండి. బెల్టు ఒక గట్టుకి మెల్లగా ఆనుకుంటే పర్వాలేదు. గట్టుని నొక్కుకుంటూ, అంచు నుంచి నల్లపొడి రాలుతుంటే అలైన్‌మెంట్ ఇంకా కుదరనట్టే. బెల్టు బయటికి తీయాల్సి వస్తే ముందు పుల్లీ కంటే చిన్న చుట్టగా వంచొద్దు, వెనక్కి మడవొద్దు. లోపలి దారాలు తెగినా పైకి కనబడదు.