అప్‌డేట్: పెన్‌డ్రైవ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీ, ఇప్పుడు పనిచేస్తోంది

మొన్న అడిగింది ఇదీ: ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ప్రైవేట్ కీని, అంటే లాగిన్‌కి వాడే రహస్య ఫైల్‌ని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని రెండు ఉబుంటు మెషీన్లలో వాడదామంటే, ఫైల్ పర్మిషన్లు మరీ బార్లా ఉన్నాయంటూ (ఇతరులూ చదవగలరని) ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని తీసుకోవట్లేదు. ఓనర్ మాత్రమే చదివి, రాయగలిగేలా సీహెచ్‌మాడ్ 600 కమాండ్ కొట్టినా మారట్లేదు.

కారణం మీరు చెప్పిందే. డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంది. అందులో లినక్స్ పర్మిషన్లు రాసుకునే చోటే లేదు. మౌంట్ చేసేటప్పుడు (డ్రైవ్‌ని సిస్టమ్‌కి జోడించేటప్పుడు) ఏ మాస్క్ (ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సంఖ్య) ఇస్తే అన్ని ఫైళ్లకూ అదే. నా యూఐడీ (యూజర్ నంబరు), ఇతరులకు అన్ని అనుమతులూ తీసేసే ఉమాస్క్ 077 ఇచ్చి మౌంట్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకుంది. కానీ డ్రైవ్ ఎక్కడైనా పడిపోతే? నాకు మనసొప్పలేదు.

అందుకే డ్రైవ్ మొత్తం చెరిపి, క్రిప్ట్‌సెటప్ టూల్‌తో లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) వేసి, లోపల లినక్స్ పర్మిషన్లు రాసుకునే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పెట్టాను. ఇప్పుడు గుచ్చగానే పాస్‌ఫ్రేజ్ అడుగుతోంది, 600 కూడా నిలబడుతోంది. అన్నిటికన్నా నచ్చింది కీని ఏజెంట్‌కి (కీలను మెమరీలో పట్టుకుని ఉంచే ప్రోగ్రామ్‌కి) ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ కమాండ్‌కి గంట గడువు పెట్టడం. కీ ఆ గంటసేపూ ఏజెంట్ మెమరీలో ఉంటుంది కాబట్టి, డ్రైవ్‌ని వెంటనే అన్‌మౌంట్ చేసి జేబులో వేసుకోవచ్చు.

ఒకటి చూసుకోండి: ఈఎక్స్‌టీ4 ఓనర్‌ని పేరుతో కాదు, యూఐడీ నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. నా యూఐడీ రెండు మెషీన్లలోనూ 1000 కాబట్టి సరిపోయింది. ఇక లక్స్ హెడర్ (డ్రైవ్ మొదట్లో ఎన్‌క్రిప్షన్ కీల సమాచారం ఉండే భాగం) పాడైతే పాస్‌ఫ్రేజ్ ఉన్నా డ్రైవ్ తెరుచుకోదు, అందుకని దాని బ్యాకప్ తీసి ఇంట్లో వేరే డిస్క్‌లో దాచాను.