సామూహిక నృత్య రెసిడెన్సీ లోగోలో నర్తకి బొమ్మ ఉండాలా?

కొత్తగీత:
నాలుగు వారాల సామూహిక నృత్య రెసిడెన్సీకి లోగో, పోస్టరు గీస్తున్నాను. ఇద్దరు కళాకారులు అక్కడే బస చేసి, నృత్యం ఎన్నడూ నేర్చుకోనివారితో కలిసి ఒక ప్రదర్శన తయారు చేస్తారు. నేను అక్షరాలతోనే ఒక గుర్తు తయారు చేసి చూపించాను. నిర్వాహకులేమో గాలిలోకి ఎగిరే నర్తకి నీడబొమ్మ కావాలంటున్నారు. "లేకపోతే ఇది నృత్యమని ఎలా తెలుస్తుంది?" అని వాళ్ల ప్రశ్న. నాకు అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పోస్టరు ఇప్పుడే అచ్చుకు వెళ్లాలి, నృత్యం ఇంకా పుట్టనేలేదు. లేనిదాన్ని ఎలా గీయను?

అడుగుసవ్వడి:
నర్తకి బొమ్మ వద్దండి. పదేళ్లుగా ఇలాంటి బృందాలతో నృత్యం చేయిస్తున్నాను. ఒకసారి మా పోస్టరు మీద సరిగ్గా ఆ ఎగిరే బొమ్మే వేశారు. అరవై దాటిన ఒకావిడ దాన్ని చూసి, "మా మనవరాలికి చెబుతాను" అని వెళ్లిపోయారు. ఆవిడలాంటివారి కోసమే పెట్టిన తరగతి అది! ఇక చక్రాల కుర్చీలో వచ్చేవారి సంగతి చెప్పాలా? కింద ఎంత పెద్ద అక్షరాలతో "అందరికీ ఆహ్వానం" అని రాసినా, పైనున్న బొమ్మ అప్పటికే కాదని చెప్పేసింది.

ఎదురుప్రశ్న:
సరే, నర్తకిని తీసేయండి. ఆ చోట ఏం పెడతారు? నాలుగు వంకర గీతలు. అవే గీతలు బ్యాంకుకూ సరిపోతాయి, మందుల కంపెనీకీ సరిపోతాయి. గోడ ముందు మనిషి ఆగేది రెండు క్షణాలు. విషయమేమిటో పోల్చుకోలేనివాడు మీ తరగతి గుమ్మం దాకా ఎందుకు వస్తాడు?

సిరామరక:
న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్‌కు డిజైనర్ పౌలా షేర్ 1994లో చేసిన గుర్తులో నటుడు లేడు, ముఖాలు లేవు, తెర కూడా లేదు. లావు నుంచి సన్నానికి మారుతూ పోయే అక్షరాలే. అయినా చూడగానే సందడి వినిపిస్తుంది. అక్షరాలకూ ఒళ్లూ బరువూ ఉంటాయి.

ఎదురుప్రశ్న:
ఆ థియేటర్ పుట్టింది 1954లో. అప్పటికే నలభై ఏళ్ల పేరున్న సంస్థకు అక్షరాలు చాలు. కొత్తగీత గారి రెసిడెన్సీని జనం గుర్తుపట్టే లోపు అది ముగిసిపోతుంది.

నీలిపెన్సిల్:
మధ్యేమార్గం ఒకటి. నృత్యకారుడు రుడాల్ఫ్ లాబన్ 1928లో ప్రచురించిన నృత్య లిపి చూడండి, కదలికలను గుర్తులతో రాసే పద్ధతి అది. కింది నుంచి పైకి చదవాలి. గుర్తు ఎంత పొడవుంటే కదలిక అంతసేపు. పూర్తిగా నలుపు నింపితే కింది స్థాయి, చుక్క పెడితే మధ్య స్థాయి, ఏటవాలు చారలైతే పై స్థాయి. కదలిక ఉంటుంది, ఎవరి ఒళ్లూ కనిపించదు.

అడుగుసవ్వడి:
అందంగానే ఉంటుంది. కానీ దాన్ని చదవడానికి నాకే సగం రోజు పడుతుంది. ఎగిరే బొమ్మ "నీకు ఇంత సన్నటి ఒళ్లు లేదు" అంటే, ఈ లిపి "నీకు ఇంత చదువు లేదు" అంటుంది.

సిరామరక:
నేను చేసిన పని చెబుతాను. పోస్టర్లో పేరు, తేదీలు స్థిరంగా ఉంచి, మిగతా సగం ఖాళీగా వదిలేశాను. మొదటి విడత పోస్టరు అలా ఖాళీతోనే అచ్చయింది. తరగతులు మొదలయ్యాక నేల మీద కాగితం పరిచి, బొగ్గు ముక్కలు ఇచ్చాం. చేయి ఎంతవరకు చాపగలిగితే అంతవరకే గీత. కూర్చున్నవారి గీత చిన్న వంపు, అంతే, కానీ చూపు తిప్పుకోనివ్వదు. వారానికొక గీత ఆ ఖాళీలోకి చేరింది. ముఖాలు లేవు కాబట్టి ఫోటోల అనుమతుల తలనొప్పి కూడా తప్పింది. న్యూయార్క్‌లోని విట్నీ కళా మ్యూజియంకు 2013లో ఎక్స్‌పెరిమెంటల్ జెట్‌సెట్ అనే డిజైన్ బృందం చేసిన డబ్ల్యూ గీత కూడా ఉన్న చోటును బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది.

ఎదురుప్రశ్న:
మారే గుర్తులంటే డిజైనర్లకు ఎంత మోజో! అమెరికాలోని పరిశోధన సంస్థ ఎంఐటీ మీడియా ల్యాబ్ 2011లో నలభై వేల రూపాలు వచ్చే లోగో తెచ్చుకుంది. 2014 కల్లా పెంటగ్రామ్ అనే డిజైన్ సంస్థ గళ్ల చట్రంలో కుదిర్చిన స్థిరమైన గుర్తు వచ్చింది. అంత పెద్ద సంస్థ సంగతే అది. మీ దగ్గర మూడో వారం పోస్టరు చేసేది ఎవరు? ఫోనులో తోచిన రంగు పూసే వాలంటీరు.

కొత్తగీత:
ఆ మాట నిజం. అందుకని రంగు ఒక్కటే పెడతాను, అక్షరాలను ముట్టుకునే వీలు లేకుండా ఫైలు ఇస్తాను. "నృత్యం" అన్న మాటనే పోస్టరులో అన్నిటికన్నా పెద్దగా వేస్తాను. ఎదురుప్రశ్న గారి రెండు క్షణాలకు అది చాలనుకుంటాను. మొదటి విడత ఖాళీతోనే వెళ్తుంది. నిర్వాహకులను ఒప్పించడం వేరే యుద్ధం.

అడుగుసవ్వడి:
ఒక్క సందేహం. వారానికొక గీత అన్నారు, ఆ గీతను ఎంచేది ఎవరు? మీరే కూర్చుని అందమైనదాన్ని ఏరితే, మళ్లీ ఆ ఎగిరే నర్తకే వస్తుంది.

సిరామరక:
నిజం చెప్పాలంటే, మా దగ్గర నేనే ఏరాను.

కొత్తగీత:
నేనైతే చీటీలు తీయిస్తాను. ఏ గీత వస్తే అదే.

ఎదురుప్రశ్న:
తీయించండి. వచ్చినదాన్ని గోరంత సైజులో, నలుపు తెలుపులో ఒకసారి చూసుకోండి. మరక అనుకుని అచ్చువాళ్లు తుడిచేయకుండా ఉంటే చాలు.