వేసిన బగ్‌లలో సగం "కుడ్ నాట్ రీప్రొడ్యూస్" అని వెనక్కొస్తున్నాయి, రిపోర్ట్ ఎలా రాయాలి?

కొత్తటెస్టర్_కడప
హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్ టెస్టింగ్ టీమ్‌లో ఈమధ్యే చేరాను. నేను వేసిన బగ్‌లలో సగం సీఎన్‌ఆర్ (కుడ్ నాట్ రీప్రొడ్యూస్, అంటే "మా దగ్గర మళ్లీ రాలేదు") అని క్లోజ్ చేస్తున్నారు. లీడ్‌ని అడిగితే "క్లియర్‌గా రాయి" అంటారు, అంతకుమించి చెప్పరు. టైటిల్ ఎంత ఉండాలి? వీడియో పెట్టాక స్టెప్స్ కూడా రాయాలా? సివియారిటీ (బగ్ ఎంత తీవ్రమైనదన్నది) ఏ, బీ, సీ ఎలా తేల్చాలి? నిన్న వేసింది ఇది:
"మెమరీ లీక్ వల్ల లెవెల్ 3లో గేమ్ క్రాష్. స్టెప్స్: గేమ్ ఓపెన్ చేయాలి. లెవెల్ 3 ఆడాలి. క్రాష్ అవుతుంది. డివైస్: ఆండ్రాయిడ్."

లాగ్‌క్యాట్_రాణి
మెమరీ లీక్ (వాడిన మెమరీని గేమ్ వదలకపోవడం) అని నీకెవరు చెప్పారు తమ్ముడూ? నేను డెవలపర్‌ని. ఇలాంటి టైటిల్ చూస్తే ఒళ్లు మండుతుంది. గేమ్ ఉన్నట్టుండి మాయమై హోమ్ స్క్రీన్ వచ్చిందంటే మెమరీ చాలక సిస్టమే చంపేసి ఉండొచ్చు, నేటివ్ కోడ్‌లో (ప్రాసెసర్ మీద నేరుగా నడిచే కోడ్) క్రాష్ అయి ఉండొచ్చు. ఆడేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీకు కనపడింది రాయి: ఫ్రీజ్ అయిందా, "స్పందించడం లేదు" అని బాక్స్ వచ్చిందా, నేరుగా హోమ్‌కి పోయిందా. కారణం వెతకడం మా పని. "డివైస్: ఆండ్రాయిడ్" గురించి ఏమీ అనను, మాటలు రావట్లేదు.

నైట్‌షిఫ్ట్_చిన్నా
మొదలైంది. టెస్టర్లంటే కళ్లు మాత్రమే ఉండి బుర్ర లేనివాళ్లని డెవలపర్ల నమ్మకం. ఒకే గేమ్‌ని నెలల తరబడి రాత్రుళ్లు ఆడేది మేము. ఏ లెవెల్‌లో ఏది బరువో మాకు తెలియదా అక్కా?

లాగ్‌క్యాట్_రాణి
తెలిస్తే చూపించు చిన్నా. అదే లెవెల్‌ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తూ ప్రతిసారీ డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో (యాప్ ఎంత మెమరీ వాడుతోందో చూపే ఆండ్రాయిడ్ కమాండ్) తీసి, అంకె తగ్గకుండా పెరుగుతూనే ఉందని పెట్టు. లీక్ అని నేనే ఒప్పుకుంటా. చూపించకుండా టైటిల్‌లో "లీక్" అని రాస్తే ట్రయాజ్‌లో (ఏ బగ్ ఎవరికివ్వాలో తేల్చే చోట) ఆ బగ్ మెమరీ చూసే వాళ్లకి వెళ్తుంది. వాళ్లు రెండు వారాలు వెతికి ఏమీ లేదని క్లోజ్ చేస్తారు. అసలు కారణం యూఐలో (బటన్లు, మెనూల భాగంలో) ఉంటుంది.

బాస్‌ఫైట్_బుజ్జి
వీడియో గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. వీడియో పెట్టండి కానీ బగ్ ఎన్నో సెకనులో వస్తుందో రాయండి బాబూ. ఒకాయన పెట్టిన వీడియోలో సగం సేపు లాబీలో స్కిన్లు మార్చుకుంటున్నాడు! దాన్ని రివ్యూ చేయాల్సింది నేనే. ఆ నీలం స్కిన్ మాత్రం బాగుంది.

పాతసైకిల్
నేను కన్సోల్ సర్టిఫికేషన్ (కన్సోల్ కంపెనీ నిబంధనలకి గేమ్ సరిపోతుందో చూసే పరీక్ష) చేసినవాడిని. సోనీ టీఆర్‌సీ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఆర్, నింటెండో లాట్‌చెక్ మూడూ చూశాను. ఆట మధ్యలో కంట్రోలర్ కనెక్షన్ పోతే స్క్రీన్ మీద మెసేజ్ రాకపోతే సబ్మిషన్ అక్కడే ఆగిపోతుంది. అందులో మీ అభిప్రాయాలకి చోటు లేదు. ఏ నిబంధన తప్పింది, ఏ బిల్డ్‌లో (గేమ్ వెర్షన్‌లో), ఎలా చేస్తే తప్పింది, అంతే. మొబైల్ వాళ్లు రాసేవి బగ్ రిపోర్టులు కావు, ఉత్తరాలు.

నైట్‌షిఫ్ట్_చిన్నా
వచ్చారండీ పెద్దాయన. మా దగ్గర ఒక బిల్డ్‌ని పాతిక రకాల ఫోన్లలో చూడాలి. అడ్రినో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉన్న ఫోన్‌లో బాగున్న నీడ మాలి జీపీయూ ఉన్నదాంట్లో నల్ల మచ్చలా వస్తుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేములు) దాటే గోతిలో 120లో పడిపోతాం. మీకేం సార్, ఒక పెట్టె, ఒక టీవీ.

సరే రాణి అక్కా, ఒకటి అడుగుతా. 2021లో జీటీఏ ఆన్‌లైన్ లోడింగ్ ఎందుకంత నెమ్మదో కనిపెట్టింది ఎవరు? కంపెనీ డెవలపరా? బయటి ఆటగాడు! 10 ఎంబీ జేసన్ ఫైల్‌ని (డేటా ఉండే టెక్స్ట్ ఫైల్) చదివే తీరే తప్పని చెప్పాడు. వాళ్లు ప్యాచ్ ఇచ్చి, 10 వేల డాలర్లు కూడా ఇచ్చారు. కారణం వెతకడం మీ పనే అని ఊరుకుని ఉంటే జనం ఇంకా లోడింగ్ స్క్రీన్ చూస్తూ ఉండేవాళ్లు.

లాగ్‌క్యాట్_రాణి
భలే ఉదాహరణ తెచ్చావు, అది నా పక్షానే మాట్లాడుతోంది. అతను "జేసన్ వల్ల అనుకుంటా" అని రాయలేదు. ప్రొఫైలర్ పెట్టి టైమ్ ఎక్కడ పోతోందో కొలిచాడు. కోడ్‌ని విప్పి, 63 వేల ఐటెమ్స్ ఉన్న లిస్టులో ప్రతి ముక్కకీ స్ట్రింగ్ పొడవు మొదటి నుంచి లెక్కపెడుతున్నారని చూపించాడు. తనే సరిచేసి తన కంప్యూటర్‌లో ఆరు నిమిషాల లోడింగ్‌ని రెండు నిమిషాల లోపుకి తెచ్చాడు. నువ్వూ అలా చేయి, టైటిల్‌లో నీ ఇష్టమొచ్చింది రాసుకో.

నైట్‌షిఫ్ట్_చిన్నా
మాకిచ్చే జీతానికి ప్రొఫైలర్ కూడానా? రిలీజ్ బిల్డ్‌లో లాగ్‌లన్నీ (లోపల ఏం జరిగిందో గేమ్ రాసుకునేవి) తీసేసి ఇచ్చేది మీరు. లాగ్ ఏదని అడిగేదీ మీరే.

పాతసైకిల్
జీతం గురించి వేరే థ్రెడ్ ఉంది.

నైట్‌షిఫ్ట్_చిన్నా
మీరు ఆ థ్రెడ్‌లోనూ సర్టిఫికేషన్ గురించే రాశారు సార్.

మాడరేటర్_మావయ్య
చిన్నా, పాతసైకిల్ గారూ, ఇక చాలు. ఆ అబ్బాయి ఏమడిగాడో ఒకసారి పైకెళ్లి చదవండి.

బాస్‌ఫైట్_బుజ్జి
చదివాను. నా వైపు నుంచి ఒకటి: సేవ్ ఫైల్ అటాచ్ చేయి. క్రాష్‌కి ముందు చెక్‌పాయింట్ సేవ్ ఉంటే సగం స్టెప్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్ గేమ్ అయితే టెస్ట్ అకౌంట్ ఐడీ, బగ్ వచ్చిన టైమ్ ఇవ్వు, సర్వర్ లాగ్‌లో వాళ్లే వెతుక్కుంటారు. బిల్డ్ నంబర్ లేకుండా మాత్రం వేయకు.

వత్తులబాధితుడు
మన తెలుగు వాళ్లు గర్వపడాల్సిన బగ్ ఒకటుంది. 2018లో "జ్ఞా" అని మెసేజ్ పంపితే ఐఫోన్లు చచ్చిపోయేవి. ఒక్క అక్షరం! ఇంతకంటే పొట్టి రీప్రో స్టెప్ (బగ్‌ని మళ్లీ రప్పించే దారి) ప్రపంచంలో ఉందా?

లాగ్‌క్యాట్_రాణి
ఊరికే "జ్ఞా" కాదండీ. "జ్ఞ"కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉండాలి. మామూలుగా "జ్ఞానం" అని టైప్ చేస్తే ఏమీ అయ్యేది కాదు. ఆ కనపడని అక్షరం సంగతి రాయకుండా మీలా రిపోర్ట్ వేసి ఉంటే అదీ సీఎన్‌ఆరే. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌లో సరిచేశారు.

వత్తులబాధితుడు
అమ్మా, ఒప్పుకున్నాం. నా అసలు బాధ వేరు. నేను తెలుగు లోకలైజేషన్ (గేమ్‌ని తెలుగులోకి తేవడం) చూస్తాను. యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే ఇంజిన్) అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో తనంతట తాను మన వత్తులు కలపదు. "శక్తి" అన్న చోట క పక్కన పొల్లు, దాని పక్కన తి వస్తాయి. అవతల బగ్ చూసేవాడికి తెలుగు రాదు. "అక్షరాలు తప్పుగా ఉన్నాయి" అని రాస్తే "మాకు బాగానే ఉంది" అని యాజ్ డిజైన్డ్ ("అది అలాగే ఉండాలి") అని కొట్టేశాడు. ఇప్పుడు తప్పు స్క్రీన్‌షాట్, దాని పక్కనే ఫోన్ నోట్స్‌లో అదే మాట సరిగ్గా ఎలా వస్తుందో ఇంకో స్క్రీన్‌షాట్, తేడా చుట్టూ ఎర్ర గీత పెడుతున్నాను. బొమ్మలో బొమ్మకి తేడా ఎవడికైనా తెలుస్తుంది కదా. కింద ఆ మాట టెక్స్ట్ కూడా కాపీ చేసి పెడతా, వాళ్లు చూసి టైప్ చేయలేరు.

ఉప్పల్_గేమర్
తెలుగులో గేమ్ ఆడేవాళ్లు ఉన్నారా అసలు? నేను భాష ఇంగ్లిష్‌కే మార్చేస్తా.

వత్తులబాధితుడు
వత్తులు విడగొట్టి ఇస్తే నువ్వే కాదు, నేనూ మార్చేస్తా. ఎవరూ తెలుగు పెట్టుకోవట్లేదని లెక్క చూపించి తర్వాతి గేమ్‌లో తెలుగే తీసేస్తారు. నీలాంటి వాళ్ల వల్లే.

ఉప్పల్_గేమర్
నా వల్లనా? నేను డబ్బులు పెట్టి కొన్నాను బ్రో, ఇంగ్లిష్‌లో ఆడితే కేసు పెడతావా?

కొత్తటెస్టర్_కడప
అందరికీ థాంక్స్. మళ్లీ రాశాను, చూడండి:
"లెవెల్ 3: బాస్ చనిపోయే యానిమేషన్ సమయంలో పాజ్ నొక్కి 'రీస్టార్ట్' ఎంచుకుంటే గేమ్ మూసుకుపోయి హోమ్ స్క్రీన్ వస్తోంది. 10 సార్లలో 7 సార్లు. యానిమేషన్ పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే రావట్లేదు." కింద బిల్డ్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, సేవ్ ఫైల్, లాగ్ పెట్టాను. వీడియోలో 0:12 దగ్గర అని రాశాను. సివియారిటీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

లాగ్‌క్యాట్_రాణి
"పూర్తయ్యాక రావట్లేదు" అన్న ఒక్క ముక్క చాలు, ఎక్కడ వెతకాలో తెలిసిపోయింది. చనిపోతున్న బాస్‌ని రీస్టార్ట్ ముందే తుడిచేస్తోంది, యానిమేషన్ ఇంకా దాన్నే పట్టుకుని ఉంది. అనుకుంటా.

నైట్‌షిఫ్ట్_చిన్నా
"అనుకుంటా" అంట! అక్కా, లాగ్ చూడకుండానే కారణం చెప్పేశారే?

లాగ్‌క్యాట్_రాణి
నేను టైటిల్‌లో పెట్టలేదుగా.

పాతసైకిల్
క్రాష్ అంటే ఏ. ప్రోగ్రెస్ పోతే ఏ. మిగతాది మీ టీమ్ డాక్యుమెంట్‌లో ఉంటుంది, చదువు. లెవెల్ 3 కాబట్టి అందరూ చేరే చోటు, ప్రయారిటీ (ఎంత త్వరగా సరిచేయాలన్నది) కూడా పెద్దదే. కానీ దాన్ని ప్రొడ్యూసర్ పెడతాడు, నువ్వు కాదు. మా సర్టిఫికేషన్‌లో అయితే

మాడరేటర్_మావయ్య
పాతసైకిల్ గారూ.

బాస్‌ఫైట్_బుజ్జి
తమ్ముడూ, వేసేముందు జిరాలో (బగ్‌లు నమోదు చేసే టూల్) "రీస్టార్ట్" అని వెతికావా? డూప్లికేట్ అని కొట్టేస్తే మళ్లీ ఇక్కడికే వస్తావు.